బ్రూక్లిన్ అయస్కాంతం, మన్యం కిడ్నీ

మనిషి ఛాతీని ఎంఆర్ఐ తొలిసారి చూసి 2027 జులై 3కి యాభై ఏళ్లు నిండుతాయి. వేడుక అమెరికాదే కావచ్చు, అవసరం మాత్రం మనదాకా వచ్చింది. చర్ల, దుమ్ముగూడెం, అటు కుంట నుంచి భద్రాచలం ఆసుపత్రికి కడుపునొప్పితో వచ్చినవాళ్లలో ఎవరికో ఒకరికి అల్ట్రాసౌండ్‌లో కిడ్నీ గడ్డ బయటపడుతుంది. క్యాన్సరా, మామూలుదా? అది తేలాలంటే ఎంఆర్ఐ కోసం చాలాసార్లు ఖమ్మమో హైదరాబాదో వెళ్లాల్సి వస్తుంది.

ప్రశ్న పాతదే. గ్రంథి (చిన్న గడ్డ) వేరు, అర్బుదం (పెద్ద గడ్డ) వేరని సుశ్రుత సంహిత ఏనాడో చెప్పింది. అక్కణ్నుంచి ఒక్క గంతేస్తే 1883. కిడ్నీ క్యాన్సర్లు దారితప్పిన అడ్రినల్ ముక్కల్లోంచి పుడతాయని జర్మనీ డాక్టర్ పాల్ గ్రావిట్జ్ తేల్చేశాడు. అది తప్పు. అయినా ఆ గడ్డలకు ఆయన పేరే చాలాకాలం నిలిచింది.

నాకిష్టమైన కథ బ్రూక్లిన్‌లో జరిగింది. అక్కడి డాక్టర్ రేమండ్ డమేడియన్ ఎలుకల కణజాలాలు ఆరింటిని (వాటిలో కిడ్నీ ఒకటి) రెండు రకాల క్యాన్సర్ గడ్డలతో పోల్చి చూశాడు. అయస్కాంత సంకేతం సద్దుమణిగే సమయం క్యాన్సర్లలో వేరుగా ఉందని 1971లో 'సైన్స్' పత్రికలో రాశాడు. ఇక మనిషినే అయస్కాంతంలో పెట్టాలన్నాడు. శిష్యులు లారెన్స్ మింకాఫ్, మైఖేల్ గోల్డ్‌స్మిత్‌లతో కలిసి తీగ చుట్టి మరీ యంత్రం కట్టాడు. పేరు 'ఇండామిటబుల్'. ముందు తానే కూర్చున్నాడు. సంకేతం రాలేదు! గురువుగారి ఒళ్లు కాస్త భారీ, అదే అడ్డమనుకున్నారు. మింకాఫ్ బక్కపలచటివాడు, పైగా జాగ్రత్తపరుడు. గురువుకు ఏమీ కాలేదని కొన్ని వారాలు కనిపెట్టి చూశాకే ఒప్పుకున్నాడు. దాదాపు అయిదు గంటలు అందులోనే ఉన్నాడు. ఒక్కో బిందువుకూ అతణ్ని కాస్త జరుపుతూ గుండె, ఊపిరితిత్తుల అడ్డకోత బొమ్మ సాధించారు. మొదట్లో చెప్పిన తొలి ఛాతీ ఎంఆర్ఐ అదే. ఈ కథలో నా ఓటు మింకాఫ్‌కే. 2003లో ఎంఆర్ఐ పరిశోధనకు నోబెల్ లాటర్‌బర్, మాన్స్‌ఫీల్డ్ అనే శాస్త్రవేత్తలకు దక్కితే, డమేడియన్ పత్రికల్లో పేజీ నిండా ప్రకటనలిచ్చి పోట్లాడాడు.

ఒక్క కొలతతో క్యాన్సర్‌ను పట్టేయొచ్చన్న ఆశ మాత్రం నిలవలేదు. కిడ్నీనే చూడండి. ఆంజియోమయోలైపోమా అనే మామూలు గడ్డలో కొవ్వు ఉంటుంది. కొవ్వు సంకేతాన్ని అణిచేసి తీస్తే ఆ భాగం నల్లబడి దొరికిపోతుంది. ఇంతవరకూ బాగానే ఉంది. కానీ క్లియర్ సెల్ అనే కిడ్నీ క్యాన్సర్ కణాల్లోనూ సన్నటి కొవ్వు ఉంటుంది. కొవ్వు కనిపించని ఆంజియోమయోలైపోమాలూ ఉన్నాయి. టీ2 అనే రకం ఎంఆర్ఐ బొమ్మలో అవి పాపిలరీ అనే మరో కిడ్నీ క్యాన్సర్‌లాగే నల్లగా ఉంటాయి. ఇక ఆంకోసైటోమా అనే గడ్డ ప్రమాదం లేనిదే, అయినా క్రోమోఫోబ్ అనే క్యాన్సర్ నుంచి దాన్ని విడదీయడం కష్టం. గడ్డ స్పష్టంగా కనిపించేందుకు గాడోలినియం మందు ఎక్కించి చూద్దామంటే, కిడ్నీ బాగా దెబ్బతిన్నవాళ్ల విషయంలో డాక్టర్లు ఆచితూచి అడుగేస్తారు. నాలుగు సెంటీమీటర్ల లోపు గడ్డల్ని కోసి తీశాక, అయిదింట ఒకటి దాకా క్యాన్సర్ కాదనే తేలుతోంది.

అందుకే సూదితో ముక్క తీసి పరీక్షిస్తారు, లేదా కొన్ని నెలలకోసారి స్కాన్ తీసి పెరుగుతోందా లేదా చూస్తారు. రెండో దారి పట్టినవాళ్లు మొదటి స్కాన్ సీడీ పోగొట్టుకుంటే, పోల్చి చూడటానికి డాక్టర్ చేతిలో ఏమీ ఉండదు.