రెన్వారు కడపటి శిల్పములు - కర్తృత్వవిచారము

ఫ్రాన్సుదేశపు చిత్రకారుఁడగు పియేర్ ఆగస్ట్ రెన్వారు (1841–1919) కీళ్లవాతముచేఁ జేతులు కొంకరలుపోఁగా వ్రేళ్లకుఁ గుంచెను గట్టించుకొని బొమ్మలు వ్రాసెనని లోకమునఁ బ్రసిద్ధి కలదు. ఈ మాట పెక్కు గ్రంథముల కెక్కినది. వినువారికిఁ గరుణము పుట్టించునదే కాని యథార్థము కాదు.

ఆతని యఱచేతులకు గుడ్డపీలికలు చుట్టియుండుట నాఁటి ఛాయాచిత్రములలోఁ గానవచ్చును. ముడుచుకొనిపోయిన వ్రేళ్లగోళ్లు చర్మమున నాటకుండుటకై యాకట్లు కట్టిరే కాని కుంచెను బంధించుటకుఁ గాదు. కుంచెను వ్రేళ్లసందున నింకొకరు పెట్టవలసియుండెను. పెట్టినపిదప దానిఁ బట్టినదియు నడపినదియు నాతని చేయియే. 1915లో సాషా గిట్రీ తీసిన చలనచిత్రమున వృద్ధుఁడు చిత్రరచన చేయుచుండఁగాఁ గడగొట్టుకొడుకు క్లోద్ ప్రక్కను నిలిచి పరిచర్య చేయుట నేఁటికిని జూడవచ్చును. ఈ భేదము స్వల్పముగాఁ దోఁపవచ్చును. కాని యేది యాతని చేతిపని, యేది పరులపని యను విచారమున కిదియే మూలము.

బాల్యమునఁ బింగాణిపాత్రలపై బొమ్మలు వ్రాసి పొట్టపోసికొన్నవాఁ డగుటచే నాతని హస్తలాఘవము తొలుతనే ప్రసిద్ధము. వ్యాధి 1892 ప్రాంతమునఁ బొడసూపెనని, ఛాయాచిత్రములను లేఖలను బరిశీలించి కొందఱు వైద్యులు 1997లో బ్రిటిష్ మెడికల్ జర్నలునందు నిర్ణయించిరి. 1897లో ఎస్వాయ్ గ్రామమున బైసికిలుమీఁదినుండి పడి కుడిచేయి విఱుగఁగొట్టుకొనెను. 1907లో దక్షిణసముద్రతీరమునఁ గాన్యు గ్రామముచెంత నొక యాలివుతోఁటను గొని యచట నివసించెను. 1912 మొదలు నడక లేక చక్రముల కుర్చీయే యాధార మయ్యెను. (మాధవనిదానమున నామవాతమునకుఁ బ్రత్యేకాధ్యాయము కలదు, ఆ వ్యాధియు నీ వ్యాధియు నొక్కటే యని తేల్చుట వైద్యుల పని.) పెద్దపటములు వ్రాయుటకు లేచి నిలువవలెను, పైకిఁ జేయి చాఁపవలెను. ఆతఁ డందులకు బదులుగాఁ బటమునే తనయొద్దకు రప్పించుకొనెను. నేఁతగాఁడు నేసినబట్టను జుట్టుకొనుచుఁ బోవునట్లు వస్త్రమును గొయ్యదిమ్మెలకుఁ జుట్టించి, త్రిప్పించుచు, చేతికందిన భాగమున వ్రాయుచుండెను. ఇట్లు చిత్రరచన కడవఱకు సాగెను. 1918–19లలో ముగిసిన ‘స్నానము చేయు స్త్రీలు’ అను పెద్దపటమును 1923లో నాతని పుత్రులు ఫ్రాన్సు ప్రభుత్వమునకు సమర్పించిరి.

శిల్పముమాట వేఱు. కుంచెను బట్టఁగలిగిన యాచేయి మట్టిని బిసుకఁజాలదు. 1913లో ఆంబ్రోయిజ్ వొల్లార్ అను చిత్రవర్తకుఁడు మయోల్ శిష్యుఁడును గటలోనియా దేశీయుఁడునగు రిషార్ గినో యను యువకుని దోడుగాఁ గుదిర్చెను. 1918వఱకు వారు కలసి పనిచేసిరి. రెన్వారు నోట జెప్పుటయు, తన చిత్రములను మాతృకలుగాఁ జూపుటయు. గినో మట్టితో రూపు గట్టుటయు. ‘వీనస్ విక్ట్రిక్స్’, ‘చాకలిస్త్రీ’ మొదలగు శిల్పములు ఈ కాలమునఁ బుట్టినవి. విశాలమగు కటిప్రదేశమును, నిండైన మేనును గల యా వీనసును జూచినవారు రెన్వారు పటములలోని స్త్రీని వెంటనే గుర్తింతురు. కాని పటమునకు వీఁపు లేదు. ప్రతిమను జుట్టుఁదిరిగి చూడవలెను గదా! చిత్రమునఁ గానరాని యాపార్శ్వములను గల్పించిన దెవరు?

పోఁతపోసిన కంచుబొమ్మలపైఁ జిరకాలము రెన్వారు పేరొక్కటియే యుండెను. అర్ధశతాబ్దము గడచినపిదప గినో న్యాయస్థానముల నాశ్రయించెను. శిల్పనిర్మాణమున నాతనికి స్వతంత్రకల్పన యుండెనని నిర్ణయించి, సహకర్తగా నంగీకరించిన తీర్పును 1973లో ఫ్రాన్సుదేశపు అత్యున్నతన్యాయస్థానము స్థిరపఱచెను. గినో కూడ నాసంవత్సరముననే గతించెను.

ఆముక్తమాల్యద రాయలదా పెద్దనదా యను వాదమున మనకు గ్రంథము తప్ప వేఱుసాక్షి లేదు. ఇచట వాదియే జీవించియుండెను. ఆంధ్రభాగవతమునఁ బోతనకుఁ దోడుగా గంగనయు, సింగనయు, నారయయుఁ బూరించిన స్కంధముల గద్యలలో వారివారి పేరులు నిలిచినవి. లేఖకుల యాచారము వర్తకుల యాచారముకంటె న్యాయ మైనదని చెప్పకతప్పదు. రోగి కష్టమునకుఁ గరిగిన లోకము సహాయుని మఱచెను. వ్రేళ్లకుఁ గుంచెను గట్టినకథయు నీమఱపునకుఁ దోడ్పడినది. అన్నియుఁ దానొక్కఁడే చేసెనని చెప్పినఁగాని వీరగాథ రక్తికట్టదు. గినోకు భాగ మిచ్చినంతమాత్రమున రెన్వారు కల్పనకు లోపము రాదు. వీనసు ఊహ యాతనిది, మట్టిలో నాయూహ యొదిఁగినతీరు గినోది.

ఈ విభాగమును మఱింత సూక్ష్మముగాఁ దేల్పఁదలఁచువారికి రెండు చిన్న పనులు మిగిలియున్నవి. గినో రాకకుఁ బూర్వము, 1907–08 ప్రాంతమున, చేతులింకను గొంత యాడుచుండఁగా రెన్వారు తన కొడుకు క్లోద్ ముఖమును స్వయముగాఁ జేసిన పతకమొకటి, తలబొమ్మయొకటి. ఇతరుల చేయి సోఁకని యాతని శిల్పములు ఇవియే. తక్కినవాని నన్నిఁటిని వీనిచెంత నుంచి చూడవలెను.