చేసి చూపిస్తే నమ్ముతారా?

కొత్త సాఫ్ట్‌వేర్ ఏది వచ్చినా, దానికంటే ముందు రెండు నిమిషాల డెమో వీడియో వస్తోంది. తెర మీద మౌస్ కదులుతుంది, వెనక నుంచి ఓ గొంతు వివరిస్తుంది, పని చిటికెలో అయిపోతుంది. ఈ వీడియోల వెనక అర శతాబ్దం దాటిన చరిత్ర ఉంది. అందులో చప్పట్లున్నాయి, నవ్వులపాలైన సందర్భాలున్నాయి, కోర్టులో క్రాస్ ఎగ్జామినేషన్ కూడా ఉంది.

యాభై కిలోమీటర్ల అవతల కంప్యూటర్

1968 డిసెంబరు 9. శాన్‌ఫ్రాన్సిస్కోలో కంప్యూటర్ నిపుణుల సదస్సు. దాదాపు వెయ్యి మంది ఉన్న హాల్లో డగ్లస్ ఎంగెల్‌బార్ట్ అనే ఇంజినీరు వేదిక మీద ఓ పక్కగా కూర్చున్నారు. ముందు కీబోర్డు, చేతి కింద మూడు బటన్ల మౌస్, వెనక సుమారు 22 అడుగుల తెర. ఆయన నడుపుతున్న కంప్యూటర్ మాత్రం అక్కడ లేదు. దాదాపు 50 కిలోమీటర్ల దూరాన మెన్లో పార్క్‌లో, స్టాన్‌ఫర్డ్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్ ప్రయోగశాలలో ఉంది.

ఆ ఏర్పాటే ఒక వింత. కంప్యూటర్ తన అక్షరాలను 5 అంగుళాల చిన్న గాజు తెర మీద రాసేది. దాని ఎదురుగా టీవీ కెమెరా బిగించారు. కెమెరా పట్టిన బొమ్మ మైక్రోవేవ్ తరంగాల మీద శాన్‌ఫ్రాన్సిస్కో చేరేది. అక్కడ ఐడోఫోర్ అనే భారీ ప్రొజెక్టర్ దాన్ని పెద్ద తెర మీద వేసేది. సహచరుడు బిల్ ఇంగ్లిష్ హాల్లో ఉండి, ఎంగెల్‌బార్ట్ ముఖాన్నీ కంప్యూటర్ తెరనూ ఎప్పటికప్పుడు కలిపి చూపిస్తూ పోయారు. ఇవాళ్టి డెమో వీడియోల్లో ఓ మూల గుండ్రంగా మనిషి ముఖం కనిపిస్తుందే, ఆ పద్ధతికి మూలం అక్కడుంది.

ఇంతకీ చూపించిందేమిటి? ఇంటికి కావాల్సిన సరుకుల చిట్టా! అరటిపళ్లు, సూపు లాంటివి టైప్ చేసి, వాటిని రకాలవారీగా సర్ది, ఒక్క క్లిక్‌తో మడిచి, మళ్లీ విప్పి చూపారు. ఆనాటికి కంప్యూటరంటే లెక్కలు కట్టే యంత్రమే. దాంతో ఇలాంటి ఇంటిపని చేయించడం చూసి జనం ఆశ్చర్యపోయారు. 90 నిమిషాల ప్రదర్శన ముగిశాక హాలంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. ఫిల్మ్ మీద తీసి ఉంచారు కాబట్టి ఇప్పటికీ దాన్ని చూడగలుగుతున్నాం.

కెమెరా పక్కకు తప్పుకుంది

ఆ తర్వాత పాతికేళ్ల పాటు తెర మీది పనిని వీడియో తీయాలంటే మానిటర్ ముందు కెమెరా పెట్టడమే ఎక్కువగా దారి. అందులో ఒక చిక్కుంది. పాత గాజు మానిటర్ సెకనుకు అరవై సార్లో అంతకన్నా ఎక్కువగానో బొమ్మను తిరగ గీస్తుంది. కెమెరా లయ వేరు. ఆ రెండూ కలవకపోతే వీడియోలో నల్లటి పట్టీలు కిందికీ పైకీ జారుతుండేవి.

1990లలో లోటస్ సంస్థ స్క్రీన్‌క్యామ్ లాంటి ప్రోగ్రాములు వచ్చి కెమెరాను పక్కకు తప్పించాయి. 2000ల తొలి ఏళ్లలో అమెరికాలోని మిషిగన్‌కు చెందిన టెక్‌స్మిత్ సంస్థ కామ్‌టేసియాతో రికార్డింగ్, ఎడిటింగ్ రెండూ ఒకే చోటికి చేర్చింది. వీటికి కలిసొచ్చిన సంగతి ఒకటుంది. కంప్యూటర్ తెర మీద క్షణక్షణం మారేది చాలా తక్కువ. మౌస్ బాణం కాస్త జరుగుతుంది, ఓ మెనూ తెరుచుకుంటుంది, మిగతాదంతా అలాగే ఉంటుంది. మారిన ముక్కను మాత్రమే దాచుకుంటే చాలు, ఫైలు చిన్నదైపోతుంది. ఆనాటి నత్తనడక ఇంటర్నెట్‌లో అది పెద్ద వెసులుబాటు.

కోర్టుకెక్కిన వీడియో

వేదిక మీద నేరుగా చేసి చూపించడం ఎంత ప్రమాదమో 1998 ఏప్రిల్ 20న మైక్రోసాఫ్ట్ అధిపతి బిల్ గేట్స్‌కు తెలిసొచ్చింది. షికాగోలో విండోస్ 98ను చూపిస్తుండగా సహచరుడు క్రిస్ కాపొసెలా కంప్యూటర్‌కు ఓ స్కానర్ తగిలించారు. తెర నీలమైపోయింది, సిస్టమ్ పడిపోయింది, సభ గొల్లుమంది. ఇందుకేనేమో ఇంకా మార్కెట్లోకి వదల్లేదని గేట్స్ తన మీద తానే జోకేసుకుని బయటపడ్డారు.

ముందే రికార్డు చేసుకుంటే ఈ బాధ ఉండదనుకుంటాం. పది నెలలు తిరక్కుండానే అదే మైక్రోసాఫ్ట్‌కు వీడియో కూడా ఎదురుతిరిగింది. వాషింగ్టన్‌లో ఆ సంస్థ మీద గుత్తాధిపత్యం కేసు నడుస్తోంది. విండోస్ నుంచి దాని బ్రౌజర్ ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌ను విడదీయవచ్చా అన్నది అందులో ఒక కీలక ప్రశ్న. ప్రభుత్వం తరఫు సాక్షి, ప్రిన్స్‌టన్ ఆచార్యుడు ఎడ్వర్డ్ ఫెల్టెన్ అందుకోసం ఓ ప్రోగ్రాం రాశారు. దాన్ని నడిపితే విండోస్ కుంటుపడుతుందని రుజువు చేయడానికి మైక్రోసాఫ్ట్ ఒక డెమో వీడియోను కోర్టులో వేసింది.

1999 ఫిబ్రవరిలో ప్రభుత్వ న్యాయవాది డేవిడ్ బోయీస్ ఆ టేపును మధ్యమధ్యలో ఆపుతూ మైక్రోసాఫ్ట్ ఉన్నతాధికారి జిమ్ ఆల్చిన్‌ను ప్రశ్నించారు. ఒకచోట విండో పైనుండే టైటిల్ బార్‌ను చూపించారు. ఫెల్టెన్ ప్రోగ్రాం నిజంగా నడిచి ఉంటే అక్కడ కనిపించాల్సిన పేరు ఒకటి, కనిపిస్తున్నది మరొకటి. మర్నాడు ఇంకోటి బయటపడింది. ఒకే కంప్యూటర్ అన్నట్టు సాగుతున్న దృశ్యంలో తెర మీది ఐకాన్ల లెక్క మధ్యలో మారిపోయింది. వేర్వేరు కంప్యూటర్ల మీద తీసిన ముక్కలను అతికించారని తేలింది. జడ్జి థామస్ పెన్‌ఫీల్డ్ జాక్సన్ ఆ టేపు విశ్వసనీయతనే శంకించారు. చివరికి ప్రభుత్వం వాళ్లు పక్కన కూర్చుని చూస్తుండగా మైక్రోసాఫ్ట్ డెమోను మళ్లీ తీయాల్సి వచ్చింది.

టీవీ వంటల కార్యక్రమంలో పప్పు ఉడికే అరగంటను కత్తిరిస్తే ఎవరూ తప్పుపట్టరు. కత్తెర మాటున కుక్కరే మారిపోతే మాత్రం ఒప్పుకోరు. డెమో వీడియోల చరిత్రంతా ఈ గీతకు అటూఇటూగానే నడిచింది.

తడబాటూ కలిసొచ్చింది

2005లో డేవిడ్ హైన్‌మయర్ హాన్సన్ అనే డేనిష్ ప్రోగ్రామర్ తన వెబ్‌సైట్ల నిర్మాణ సాధనం రూబీ ఆన్ రైల్స్‌తో పదిహేను నిమిషాల్లో ఓ బ్లాగును కట్టి చూపిస్తూ వీడియో వదిలారు. అందులో టైప్ చేస్తూ పొరపడతారు, ‘ఊప్స్’ అంటారు, దిద్దుకుని ముందుకెళ్తారు. ఆ తడబాట్లు వీడియోకు బలమయ్యాయి. ఇది నిజంగా జరుగుతోంది, మనమూ చేయగలం అన్న నమ్మకం చూసిన ప్రోగ్రామర్లకు కలిగింది. రైల్స్ పేరు మార్మోగడంలో ఆ పదిహేను నిమిషాలది పెద్ద వాటా.

అదే ఏడాది యూట్యూబ్ పుట్టింది. పంచుకోవడం తేలికైంది గానీ, అప్పట్లో దాని వీడియో కొలత 320 బై 240 పిక్సెళ్లు. మామూలు 1024 బై 768 మానిటర్‌లో అది పదో వంతు. తెర మీది అక్షరాలు చీమల బారులా అలుక్కుపోయేవి. క్లిక్ చేసే చోటును పెద్దది చేసి చూపించే జూమ్ అలవాటు డెమోల్లో పాతుకుపోవడానికి ఇదొక కారణం.

2008లో డ్రాప్‌బాక్స్ కథ మరో మలుపు. ఎంఐటీలో చదివిన డ్రూ హ్యూస్టన్ ఫైళ్లను అన్ని కంప్యూటర్లలో ఒకేలా ఉంచే సాఫ్ట్‌వేర్ తయారుచేస్తున్నారు. అది ఇంకా అందరి చేతికీ ఇచ్చే స్థితిలో లేదు. మాటల్లో చెబితే ఎవరికీ ఎక్కడం లేదు. అందుకే తానే గొంతు ఇస్తూ కొద్ది నిమిషాల వీడియో తీశారు. ఒక కంప్యూటర్‌లో ఫోల్డర్‌లో వేసిన ఫైలు ఇంకో కంప్యూటర్‌లో ప్రత్యక్షమవుతుంది, అంతే. ఫైళ్ల పేర్లలో మాత్రం నాటి సాంకేతిక కుర్రకారుకే అర్థమయ్యే జోకులు దాచిపెట్టారు. వాళ్లు తెరను వెతికి వెతికి చూశారు. ప్రయోగాత్మక బీటా కోసం వేచి ఉన్నవాళ్ల జాబితా ఒక్క రాత్రిలో 5,000 నుంచి 75,000కు పెరిగింది.

ఆ తర్వాత ఇదొక వ్యాపారమే అయింది. తెరనూ ముఖాన్నీ కలిపి రికార్డు చేసి లింకు పంపే లూమ్ సంస్థను 2023లో అట్లాసియన్ దాదాపు 97.5 కోట్ల డాలర్లకు కొనడానికి ఒప్పందం కుదుర్చుకుంది. అదే ఏడాది డిసెంబరులో గూగుల్ తన జెమినై కృత్రిమ మేధ మనిషితో గలగలా మాట్లాడుతున్నట్టు వీడియో విడుదల చేసింది. జవాబుల మధ్య జాప్యాన్ని తగ్గించామని, జవాబులను కుదించామని వీడియో కింద రాసింది. నిజానికి స్థిర చిత్రాలు, రాతపూర్వక ప్రశ్నలు ఇచ్చి ఆ జవాబులు రాబట్టారని తెలిశాక విమర్శలు చుట్టుముట్టాయి. 1999లో కోర్టు అడిగిన ప్రశ్నే మళ్లీ వచ్చింది: చూపించినట్టుగానే జరిగిందా?

పక్కనే చేసి చూసుకో

ఈ ప్రశ్నకు గట్టి జవాబు మన దేశంలోనే దొరుకుతుంది. ఐఐటీ బాంబే ఆచార్యుడు కన్నన్ మౌద్గల్య నాయకత్వంలో, కేంద్ర ప్రభుత్వ నిధులతో స్పోకెన్ ట్యుటోరియల్ ప్రాజెక్టు రూపుదిద్దుకుంది. లినక్స్, లిబ్రే ఆఫీస్, సైలాబ్, పైథాన్ వంటి వాటిపై దాదాపు పది నిమిషాల చొప్పున పాఠాలు తీస్తారు. రికార్డింగ్‌కు ముందు రెండు గడుల స్క్రిప్టు తయారవుతుంది. ఒక గడిలో తెర మీద ఏం కనిపించాలి, రెండో గడిలో ఏం చెప్పాలి. ఆ సాఫ్ట్‌వేర్ అంటే ఏమిటో తెలియని మనిషి చేతికి ఆ స్క్రిప్టు ఇచ్చి చేయమంటారు. ఎక్కడ ఆగిపోతే అక్కడ దిద్దుతారు.

తెలుగుతో సహా అనేక భారతీయ భాషల్లోకి గొంతు మాత్రమే మారుస్తారు. తెర మీది ఇంగ్లిషు అలాగే ఉంటుంది. పిల్లవాడు రేపు ఉద్యోగంలో చూసేది ఆ మెనూలనే కదా! తెలుగులో గొంతు ఇచ్చేవాళ్లకు నిమిషాలు, సెకన్లు వేసిన స్క్రిప్టు ఇస్తారు. బాణం మెనూ దగ్గరికి వెళ్లేలోపు వాక్యం పూర్తి కావాలి.

ఇక చూసేవాళ్లకు పెట్టిన షరతు అసలైనది. తెరను రెండు సగాలు చేసుకుని, ఒక సగంలో పాఠం, రెండో సగంలో అదే సాఫ్ట్‌వేర్ తెరిచి పెట్టుకోవాలి. పాఠాన్ని ఆపుతూ, అక్కడ చేసింది ఇక్కడ చేస్తూ పోవాలి. ఆంధ్ర, తెలంగాణ కాలేజీల్లోనూ వీటితో శిక్షణ తరగతులు జరిగాయి. ఈ పద్ధతిలో అతుకులు దాగవు. చెప్పిన చోట బటన్ లేకపోయినా, వచ్చిన ఫలితం తేడాగా ఉన్నా ఆ నిమిషమే తెలిసిపోతుంది. అమ్మకం కోసం తీసే డెమోలు ఈ పరీక్షకు సాధారణంగా తలవంచవు. కొనే ముందు ఆ పరీక్ష పెట్టాల్సింది మనమే: వీడియోలో చేసిన పనే, మన ఫైలుతో, మన కంప్యూటర్ మీద, కోత లేకుండా ఒక్కసారి చేసి చూపించమని అడగాలి.