ప్రసవ ప్రేరణ

ప్రసవ ప్రేరణ అనగా పురిటి నొప్పులు వాటంతట అవి మొదలు కాకముందే మందులతో గాని, ఇతర పద్ధతులతో గాని వాటిని తెప్పించడం. నెలలు నిండిన గర్భిణికి సాధారణంగా 37, 42 వారాల మధ్య నొప్పులు సహజంగానే వస్తాయి. గడువు మీరినపుడు, రక్తపోటు పెరిగినపుడు, నొప్పులు రాకముందే ఉమ్మనీరు పోయినపుడు ప్రేరణ అవసరమవుతుంది. 41 వారాలు పూర్తయినవారికి దీనిని ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసు చేసింది.

ప్రేరణ ఫలించడం ఎక్కువగా గర్భాశయ ముఖద్వారం మెత్తదనంపై ఆధారపడుతుంది. దీనిని బిషప్ స్కోరు (1964)తో అంచనా వేస్తారు. ముఖద్వారం గట్టిగా ఉంటే ప్రోస్టాగ్లాండిన్ మందుతో గాని, బెలూను గొట్టంతో గాని మెత్తబరుస్తారు. తరువాత ఆక్సిటోసిన్‌ను సెలైనులో కలిపి, చుక్కలు లెక్కించి ఎక్కిస్తారు. మోతాదు మించితే నొప్పులు విరామం లేకుండా వచ్చి బిడ్డకు ప్రాణవాయువు తగ్గుతుంది. గర్భాశయం చిట్లవచ్చు కూడా. ముందు సిజేరియన్ అయినవారికి ఈ ప్రమాదం మరింత ఎక్కువ. కనుక బిడ్డ గుండె చప్పుడును గమనిస్తూ, శస్త్రచికిత్స వీలున్న చోటనే ప్రేరణ చేయాలి. కోనసీమలోని అల్లవరం వంటి పల్లెల్లోనైనా, మరెక్కడైనా, ఇంటి పురుటిలో నొప్పులు త్వరపడాలని ఆక్సిటోసిన్ సూది వేయించడం తల్లీబిడ్డల ప్రాణాల మీదికి తెస్తుంది.

ప్రేరణ వలన సిజేరియన్లు పెరుగుతాయనే అభిప్రాయం బలంగా ఉన్నది. అయితే అమెరికాలో ఇతర సమస్యలు లేని 6,106 మంది తొలిచూలు గర్భిణులపై జరిపి, 2018లో ప్రచురించిన అధ్యయనంలో 39వ వారంలో ప్రేరణ పొందినవారిలో 18.6%, వేచి ఉన్నవారిలో 22.2% మందికి సిజేరియన్ జరిగింది. ముహూర్తం చూసి చేయించుకొనే సిజేరియన్ ప్రేరణ కిందికి రాదు. నొప్పులు తెప్పించినా పుట్టే గడియ ఎవరి చేతిలోనూ ఉండదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 42.4%, తెలంగాణలో 60.7% కాన్పులు సిజేరియన్ ద్వారా జరిగాయి.