మంచూరియాలో లేని మంచూరియా

శృంగవరపుకోటలో పొద్దుగూకాక వెలిగే ఫాస్ట్‌ఫుడ్ బళ్ళ మీద మూడు పేర్లు తప్పనిసరి: నూడుల్స్, ఫ్రైడ్ రైస్, మంచూరియా. మూడోది ఒక ప్రాంతం పేరని బండి దగ్గర నిలబడ్డవాళ్ళకు గుర్తుండదు, ఉండాల్సిన పనీ లేదు. చైనా ఈశాన్యంలోని ఆ మంచూరియాలో చలి ఎక్కువ. పులియబెట్టిన క్యాబేజీ, గోధుమపిండి కుడుములు, బంగాళాదుంపలు వేసి ఉడికించిన కూరలు అక్కడి తిండి. కాలీఫ్లవరును పిండిలో ముంచి వేయించి, అల్లం, వెల్లుల్లి, పచ్చిమిరప, సోయా సాస్‌లో పొర్లించడం వాళ్ళ వంట కాదు. అది 1975లో బొంబాయి క్రికెట్ క్లబ్ ఆఫ్ ఇండియాలో, కలకత్తాలో పుట్టిన నెల్సన్ వాంగ్ చేతిలో కోడిమాంసంతో మొదలైందంటారు. గోబీ తర్వాత వచ్చి చేరింది. మన పకోడీకి సోయా సాస్ తొడిగితే మంచూరియా!

'ఇది అసలైన చైనా తిండి కాదు' అని తేల్చేసేవాళ్ళు చాలామందే ఉన్నారు. నాకు ఆ తీర్పుతో పేచీ. 'అసలైన' అనే మాట వినబడగానే ఆడవాళ్ళం కాస్త జాగ్రత్తపడాలి. అసలైన స్త్రీ, అసలైన సంప్రదాయం అంటూ మనల్ని కొలిచిన కొలబద్ద అదే కదా. తిండి దేశం దాటితే మారుతుంది, సరే. దాటించిన చేతులు ఎవరివి, వెనక ఉండిపోయిన చేతులు ఎవరివి అన్నది నా ప్రశ్న.

అమెరికా సంగతే చూద్దాం. బంగారు గనులకూ రైలుమార్గాలకూ పంతొమ్మిదో శతాబ్దంలో కాంటన్ వైపు నుంచి వెళ్ళినవాళ్ళు దాదాపు అందరూ మగవాళ్ళు. 1875లో వచ్చిన పేజ్ చట్టం వ్యభిచారాన్ని ఆపడం అనే సాకుతో చైనా స్త్రీలకు దాదాపుగా తలుపు మూసేసింది. పెళ్ళాడిన భార్య కూడా తన శీలాన్ని అధికారి ముందు రుజువు చేసుకోవలసిందే. 1882 చట్టం కూలీలందరినీ ఆపేసింది. భార్యలు ఊళ్ళో అత్తల దగ్గర, మనియార్డర్ల కోసం ఎదురుచూస్తూ ఉండిపోయారు. ఇక్కడ మగవాళ్ళు బతుకుతెరువుగా పట్టుకున్నవి రెండు: వంట, బట్టలుతకడం. రెండూ 'ఆడపనులే', కూలి వచ్చేసరికి మగపనులయ్యాయి. 1915లో ఒక న్యాయస్థానం హోటలు యజమానుల్ని వ్యాపారుల కింద లెక్కగట్టడంతో రాకపోకలకు సందు దొరికింది, చైనా హోటళ్ళు పుట్టగొడుగుల్లా లేచాయి. చాప్ సూయ్ అక్కడ అలా పేరు తెచ్చుకుంది. ఆ మాటకు అర్థం తరిగిన ముక్కల కలగలుపు. ఇంటి వంటగదిని దూరం చేసుకున్నవాళ్ళు, తెల్లవాళ్ళ నాలుకకు నచ్చేలా, దొరికిన కూరగాయలతో చేసిన వంట అది. దాన్ని కల్తీ అనబుద్ధి కాదు నాకు.

ఇంటి వంటను ఇంగ్లీషులోకి తెచ్చింది మాత్రం ఒక స్త్రీ. బువే యాంగ్ చావ్ టోక్యోలో వైద్యం చదివిన డాక్టరు. 1945లో వచ్చిన ఆమె వంటపుస్తకానికి పెర్ల్ బక్ ముందుమాట రాసింది. తల్లి చైనా భాషలో రాస్తే కూతురు అనువదించింది, భాషాశాస్త్రజ్ఞుడైన భర్త సరిదిద్దాడు. 'స్టిర్-ఫ్రై' అనే మాట ఆ పుస్తకంతోనే వాడుకలోకి వచ్చింది. దాన్ని కట్టింది భర్తేనని కొందరంటారు. అనకుండా ఎలా ఉంటారు?

మన బళ్ళ మీది 'హక్కా' మాటకూ ఒక కథుంది. హక్కాలు కలకత్తా టాంగ్రాలో తోళ్ళు పదును చేసి బతికిన చైనీయులు. చైనాలో మిగతా చోట్ల ఆడపిల్లల పాదాలు కట్టేస్తుంటే వీళ్ళు కట్టలేదు, పొలంలో పనిచేసే కాళ్ళు కావాలి కనక. విముక్తి అనుకోవాలో అవసరం అనుకోవాలో తేల్చుకోలేను. 1962 యుద్ధం రాగానే మన ప్రభుత్వం సుమారు మూడు వేలమంది చైనా సంతతివాళ్ళను, పసిపిల్లలతో సహా, రాజస్థాన్ దేవళీ నిర్బంధ శిబిరానికి తరలించింది. కొందరు ఏళ్ళ తరబడి అక్కడే ఉన్నారు. బయటికొచ్చాక చాలామంది కెనడా దారి పట్టారు. మనుషుల్ని శత్రువులన్న దేశం వాళ్ళ నూడుల్స్‌ను మాత్రం వదల్లేదు.

ఈ కథ మాకు పరాయిది కాదు. ఉత్తరాంధ్ర పల్లెల నుంచి మగవాళ్ళు రంగూన్ రేవులో మూటలు మోయడానికి వెళ్ళారు, అక్కడివాళ్ళు 'కోరంగి' అన్నారు. 1930 మేలో అల్లర్లలో దెబ్బలు తిన్నారు, 1942లో అడవుల వెంట నడిచొచ్చారు, 1960లలో మళ్ళీ వెనక్కి వచ్చారు. విశాఖ కంచరపాలెంలో బర్మా క్యాంపు అలా ఏర్పడిందే. మద్రాసులో బర్మా నుంచి తిరిగొచ్చినవాళ్ళు 'అత్తో' అనే నూడుల్స్ అమ్మారు. ఆ మగవాళ్ళు వెళ్ళినన్నాళ్ళూ ఇక్కడ గంజి కాచిన ఆడవాళ్ళ గురించి మన సాహిత్యంలో ఎన్ని పుటలున్నాయో వెతకాలి.

ఫ్రైడ్ రైస్ సంగతి ఒక్కటి మిగిలింది. చైనా ఇళ్ళలో అది రాత్రి మిగిలిన అన్నాన్ని పారెయ్యకుండా గుడ్డు కొట్టి వేపుకోవడం. మా ఇళ్ళలో చద్దన్నానికి ఉల్లిపాయ, ఎండుమిరపతో తాలింపు వేసేది అమ్మే, అందరూ తిన్నాక మిగిలితే తినేదీ అమ్మే. ఎస్.కోట బండి మీద అదే అన్నానికి ధర కట్టారు. మూకుడు తిప్పే చెయ్యి మాత్రం మగవాడిది.