నేత ఇంటి పిల్లగాడు, లెక్కల పంతులు, బోనస్ మంత్రి

మన సమాఖ్య వార్షికోత్సవ సంచికకు ఏదన్నా చరిత్ర రాయమని పెద్దలు అడిగారు. నేను చదివింది ఎనిమిదో తరగతి, అదీ వర్లిలో మున్సిపాలిటీ తెలుగు బడిలో. తప్పులుంటే మన్నించాలి.

ప్రతి సంచికలో మన కులపెద్దల గురించి రాసుకుంటాం. అది మంచిదే. ఈసారి మన కులంలో పుట్టకపోయినా, బట్ట నేసి బతికిన ఇంట్లో పుట్టి, మన చాళ్లలో ఇంటింటికీ మేలు చేసిన ఒక పెద్దమనిషి గురించి రాస్తున్నా. ఆయన దామోదరం సంజీవయ్య గారు.

సంజీవయ్య గారు 1921 ఫిబ్రవరి 14న కర్నూలు దగ్గర పెద్దపాడులో ఒక దళిత కుటుంబంలో పుట్టారు. తండ్రి మునియ్య, తల్లి సుంకులమ్మ. వాళ్లకు సొంత భూమి లేదు. బట్టలు నేసి, కూలికి పోయి బతికేటోళ్లు. పిల్లగాడు పుట్టిన మూడు రోజులకే తండ్రి పోయాడు. మేనమామ ఊరికి పోయి అక్కడ పశువులు కాశారు. మళ్లీ పెద్దపాడు వచ్చాక అన్న చిన్నయ్య బడికి పంపాడు. ఆ అన్న పంపకపోతే ఈ కథే లేదు. నాలుగో తరగతి దాకా ఊళ్లో, తర్వాత కర్నూలులో చదివి, 1938లో ఎస్సెస్సెల్సీలో జిల్లాకే మొదటివాడుగా పాసయ్యారు. అనంతపురం కాలేజీలో బీఏ చదివారు.

తర్వాత మద్రాసులో లా చదువుకు చేరారు గానీ చేతిలో డబ్బు లేదు. జార్జి టౌన్‌లో ప్రోగ్రెసివ్ యూనియన్ హైస్కూలులో లెక్కల పంతులుగా కుదిరారు. నెలకు 90 రూపాయల జీతం. హాస్టలు ఖర్చు, చదువు ఖర్చు అన్నీ అందులోనే. నెలాఖరుకు జీతం ఎట్ల సరిపెట్టాలో ఆయనకు ఎవరూ నేర్పనక్కర లేదు. పిల్లలకు లెక్కలు చెప్పుకుంటనే తన బతుకు లెక్క తాను చేసుకున్న మనిషి.

1950లో వకీలయ్యారు. 1952లో మద్రాసు శాసనసభకు గెలిచి, రాజాజీ గారి మంత్రివర్గంలో సహకార, గృహనిర్మాణ శాఖల మంత్రి అయ్యారు. సంఘం సెక్రటరీగా నాకు ఇది గర్వం. ఆయన మొదట చూసిన శాఖల్లో సహకారం ఒకటి. 1960 జనవరి 11న ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి అయ్యేనాటికి ఆయనకు ఇంకా 39 నిండలేదు. దేశంలో దళితుల నుంచి వచ్చిన తొలి ముఖ్యమంత్రి ఆయనే. మన కొండా లక్ష్మణ్ బాపూజీ గారు చిన్న పరిశ్రమలు, చేనేత చూసింది ఆయన మంత్రివర్గంలోనే. ముసలోళ్లకు పింఛన్లు మొదలైందీ ఆ కాలంలోనే. తర్వాత కాంగ్రెసుకు అఖిల భారత అధ్యక్షులయ్యారు. 1964 జూన్‌లో లాల్ బహదూర్ శాస్త్రి గారి ప్రభుత్వంలో కేంద్ర కార్మిక మంత్రి అయ్యారు. వర్లి కథ ఇక్కడ కలుస్తుంది.

మా నాయిన మిల్లులో సాంచె నడిపేవాడు. దివాళీకి బోనస్ వచ్చిందంటే మా చాళ్ల పండుగ. కిరాణా బాకీ తీరేది, మాకు కొత్త బట్టలు వచ్చేవి, ఊర్లో ఉన్న అవ్వకు మనియార్డరు పోయేది. "ఎవరిస్తరు నాయినా బోనస్?" అని ఒకసారి అడిగితే, "సేఠ్ ఖుషీతోని ఇస్తడు బిడ్డా" అన్నాడు. నేను చాలా ఏండ్లు అదే నిజమనుకున్నా.

మా నాయిన మాటకు పాత కారణం ఉంది. మొదటి ప్రపంచ యుద్ధం అప్పుడు బొంబాయి మిల్లులకు లాభాలు బాగా వచ్చాయి. 1917 నుంచి కొన్నేండ్లు బోనస్ ఇచ్చారు. తర్వాత ఆపేశారు. దాని మీద 1924 మొదట్లో మిల్లులన్నీ సమ్మె చేశాయి. విచారణకు వేసిన కమిటీ, బోనస్ అడిగే హక్కు కార్మికులకు లేదని తేల్చేసింది. అంటే ఇస్తే దయ, ఇయ్యకపోతే లేదు. 1950లో ఒక లెక్క కట్టారు గానీ, అన్ని ఖర్చులూ పోను లాభం మిగిలితేనే బోనస్. లాభం ఎంత అని రాసేది సేఠ్ ముని‌మే.

సంజీవయ్య గారు కార్మిక మంత్రిగా ఉన్నప్పుడు 1965 మే 29న బోనస్ ఆర్డినెన్సు వచ్చింది. సెప్టెంబరు 25న అది చట్టం అయింది. లాభం వచ్చినా నష్టం వచ్చినా ఏడాది జీతంలో కనీసం 4 శాతం గానీ, 40 రూపాయలు గానీ, ఏది ఎక్కువైతే అది ఇయ్యాలి. ఎక్కువలో ఎక్కువ 20 శాతం. ఏడాదిలో 30 రోజులు పనిచేసినోడికి కూడా హక్కు ఉంటుంది. నెలకు 100 జీతం అనుకోండి, ఏడాదికి 1200, అందులో 4 శాతం 48 రూపాయలు. ఆ కనీసం తర్వాత 8.33 శాతం అయింది, అంటే ఒక నెల జీతం. ఈ చట్టం ఆయన ఒక్కడితో రాలేదు. సమ్మెలు చేసినోళ్లు, యూనియన్లు, అంతకుముందు వేసిన బోనస్ కమిషన్, అందరి కష్టం ఉంది. దాన్ని చట్టంగా తెచ్చిన మంత్రి మాత్రం మన తెలుగు పంతులు.

నేను మిల్లులో బద్లీగా చేరినప్పుడు ఒక యూనియన్ అన్న చెప్పాడు, "ఖుషీ కాదురా, కానూన్" అని. మా నాయినకు చెబితే చాలాసేపు మాట్లాడలేదు. 1981 దివాళీకి బోనస్ మీదనే కొన్ని మిల్లుల్లో పని ఆగింది. 1982 జనవరి 18 నుంచి దత్తా సామంత్ గారి వెంట దాదాపు 2.5 లక్షల మంది సమ్మెలోకి దిగారు. ఆ సమ్మెలో మేం ఓడిపోయాం. నేను ఊరికి వచ్చి మగ్గం మీద కూర్చున్నా, తర్వాత సంఘం సెక్రటరీనయ్యా.

ఇక్కడ నా తప్పు ఒకటి చెప్పాలి. ఒక దివాళీకి సభ్యులకు బోనస్ పంచుతూ, "సంఘం దయ చూపింది" అన్నా. కండెలు చుట్టే ఒక పెద్దమ్మ నా ముఖం చూసి, "దయేంది బిడ్డా, గది మేం నేసిన బట్టల పైసలే గదా" అన్నది. నాకు మా నాయిన మాట గుర్తొచ్చి తల వంగింది. ఆ రోజు నుంచి సంఘం లాభం ఎంత, ఎవరికి ఎంత అని గోడ మీద కాగితం అంటిస్తున్నా.

ఆ చట్టంలో కొరత కూడా ఉంది. ఫ్యాక్టరీలు పోను, 20 మంది పనిచేసే చోటికే అది వర్తించింది. ఇంట్లో మగ్గం మీద నేసేటోళ్లు, నలుగురైదుగురితో నడిచే సాంచెల షెడ్లోళ్లు బయటే మిగిలిపోయారు. నేత ఇంట్లో పుట్టిన మంత్రి తెచ్చిన చట్టం నేత ఇంటిదాకా రాలేదు. ఆ మిగిలిన పని మన సమాఖ్యలది, సంఘాలది.

సంజీవయ్య గారు 1972 మేలో ఢిల్లీలో పోయారు. వయసు 51. మన ఆఫీసులో బాపూజీ గారి పటం ఉంది. పక్కన ఖాళీ మేకు ఉంది. అక్కడ సంజీవయ్య గారి పటం పెడదామని ఈ వార్షికోత్సవ సభలో నేను అడగబోతున్నా. కులం వేరు కదా అని ఎవరన్నా అంటే, మీ ఇంట్లో దివాళీ బోనస్‌తో కొన్న మొదటి వస్తువు ఏందో గుర్తు చేసుకోమని నా మనవి.