పళ్లెమంత అడుగు, మూడు వేళ్ల అడుగు

ఆగస్టు 12 ప్రపంచ ఏనుగుల దినం. హోసూరు చుట్టుపక్కల రాగి రైతులకు మాత్రం ఆ పండగ చలికాలంలో. బన్నేరుఘట్ట వైపు నుంచి తళి, జవలగిరి అడవుల మీదుగా మందలు దిగేది అప్పుడే. మంచెల మీద కాపలా, టపాసులు, కేకలు. ఇంతా చేసి తెల్లారి చూస్తే చేలో అన్నం పళ్లెమంత అడుగులు, తడి నేలైతే వాటి నిండా నీళ్లు.

1792లో ఈ పక్కనే ఉన్న బారామహల్ సీమ టిప్పు చేతి నుంచి కుంపిణీకి పోయింది. పాలకులు మారిన తేదీలు దొరుకుతాయి గానీ ఏనుగు నడిచిన దారులకు తేదీలు దొరకవు. 1980ల్లో ఈ అడవుల నుంచే కొన్ని ఏనుగులు సరిహద్దు దాటి కుప్పం, పలమనేరు వైపు నడిచాయి. ఏనుగును మరిచిపోయిన పల్లెలకు చెరకు తోటల్లో ఒక్కసారిగా దర్శనం! 1990లో వాటి కోసం కౌండిన్య అభయారణ్యం వెలిసింది.

ఆ 1980ల్లోనే రాయలసీమలో మరో తప్పిపోయిన చుట్టం బయటపడింది: కలివికోడి అనే పిట్ట. పొడవు 27 సెంటీమీటర్లు. మద్రాసు సైన్యంలో వైద్యుడు జెర్డన్ పుణ్యమా అని 1848లో శాస్త్రానికెక్కింది. 1900 తర్వాత జాడలేదు, అంతరించిందనే అనుకున్నారు. బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ వాళ్లు బొమ్మ పట్టుకుని కడప జిల్లా పల్లెల్లో అడుగుతూ తిరిగారు. 1986 జనవరిలో ఒక రాత్రి రెడ్డిపల్లి దగ్గర ఓ స్థానికుడు టార్చి వెలుగులో పిట్టను చేత్తో పట్టేశాడు. పండితులకు ఎనభై ఆరేళ్లు కనిపించనిది అతనికి కలివి పొదల్లో తిరిగే మామూలు కోడి! పాపం, పట్టిన పిట్ట బతకలేదు. 1988లో ఈ జాతి కోసం శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యం వచ్చింది.

ఏనుగు రాకను ఊరంతా వింటుంది. కలివికోడిని వెతికేవాళ్లు పొదల మధ్య మెత్తటి మట్టి పరిచి, మూడు వేళ్ల అడుగు పడుతుందేమోనని పొద్దున్నే వంగి చూసేవారు. ఈ జాతికి వెనక వేలు ఉండదు మరి.

ఇక్కడి నుంచి కథ చెదురుతుంది. లంకమలలో తెలుగుగంగ కాలువ తవ్వకానికి పొదలు కొన్ని పోయాక, పిట్ట కోసం కాలువ దారే మార్చాల్సి వచ్చింది. అయినా తర్వాత అది ఏళ్ల తరబడి కంటపడలేదు. ఇటు హోసూరు వైపు ఏనుగుల అడవుల్లో 2014లో కావేరి ఉత్తర అభయారణ్యం, 2022లో కావేరి దక్షిణ అభయారణ్యం ఏర్పడ్డాయి. హోసూరు–కృష్ణగిరి హైవే మాత్రం ఎవరి కోసమూ వంగలేదు. సానమావు అడవి పక్కన లారీల రద్దీ తగ్గేదాకా మంద చీకట్లో ఆగుతుంది.