బర్మా నుండి మనవారు తెచ్చుకొన్నవి

బర్మా నుండి తిరిగివచ్చిన తెలుగువారి కష్టములను గూర్చి చాలమంది వ్రాసియున్నారు. వారి మూటలలో ఏమున్నదో వ్రాసినవారు అరుదు. మేము ఆ సంగతినే ఇక్కడ తలచుకొనదలచితిమి.

కోరంగి రేవు పేరున బర్మాలో మన కూలీలను కోరంగీలు అనేవారు. 1941 డిసెంబరు 23న రంగూనుపై జపాను బాంబులు పడగా, లక్షలాది భారతీయులు ఆ దేశము విడిచిరి. ఓడలో చోటు దొరకనివారు అరకాను, మణిపురము కొండలు నడిచి దాటిరి. అక్కడ సామానుకు కొలత మనిషి భుజమే. బిడ్డను ఎత్తుకొంటే మూట దించవలసినదే.

రెండవసారి అడ్డుపడినవి కొండలు కావు, కాగితములు. 1962 మార్చి 2న నే విన్ సైనిక ప్రభుత్వము వచ్చినది. 1964 మార్చిలో రంగూను దుకాణములు జాతీయమైనవి. మే 17న 50, 100 చాట్ల నోట్లు చెల్లకుండ పోయినవి. ఇల్లూ దుకాణమూ ఎలాగూ పెట్టెలో పట్టవు, సరే. పెట్టెలో పట్టే బంగారమునైనా కస్టమ్సువారు దాటనీయలేదే! కొందరు నగలను రంగూనులోని భారత రాయబార కార్యాలయమున అప్పగించి ఓడ ఎక్కిరి. తులముల బంగారమునకు బదులు చేతిలో మిగిలినది కాగితము.

విశాఖపట్నములో కంచరపాలెము వద్ద బర్మా క్యాంపు అను పేట నేటికీ ఉన్నది. మన సంఘములలో బర్మా కుటుంబములవారు ఎవరైన ఉంటే, పాత ట్రంకు పెట్టెల అడుగున ఉన్న రశీదులను, ఓడ చీట్లను చెత్తలో వేయవద్దని మా మనవి.